మావయ్య వేసిన జలపాతం

జలపాతం పైన, ఉద్యోగుల క్వార్టర్సు
ఎండాకాలం మొదట్లో

మావయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటావు, నేను "గట్టిగా చెప్పు" అంటాను, చివరికి అత్తయ్య ఫోన్ లాక్కుని ఇద్దర్నీ కలిపి తిడుతుంది. నీకేమో ఎడమ చెవి మొండికేసింది, నాకేమో కిటికీ కింద పగలూ రాత్రీ నది దూకుతూ ఉంటుంది. ఇలా అయితే పని జరగదు. అందుకే ఉత్తరం రాస్తున్నా. కళ్ళజోడు పెట్టుకుని కుదురుగా చదువు.

అమ్మ అందరికీ నేనిక్కడ టికెట్లు చింపుతున్నానని చెప్తోందట. ఆ చింపేవాళ్ళు వేరే. పొద్దున్నే అందరికంటే ముందు మెట్లు దిగేది నేను. కింద ఒక బండ మీద గీతలు గీసి ఉంటాయి. నీళ్ళు ఎర్ర గీతకి కిందుంటే గేటు తెరుస్తాం, దాటితే మూసేస్తాం. గీతలు చూసి, వ్యూ పాయింట్ దగ్గర కటకటాలు గుంజి చూసి, పాచి పట్టిన మెట్టుంటే గీకించి, అప్పుడు పైకొచ్చి తాళం తీస్తాను. తర్వాత రోజంతా విజిల్ మెళ్ళో వేసుకుని కిందే కాపలా. నేను సరే అంటేనే ఎవరైనా ఈ జలపాతాన్ని చూసేది. నీ మేనకోడలంటే ఏమనుకున్నావ్!

ఇక అసలు సంగతి. పైన ఒక వెయిటింగ్ హాలు కట్టారు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు, నిండు గర్భిణులు అక్కడ కూర్చుంటారు. ఇంట్లోవాళ్ళు కిందికెళ్ళి చూసొచ్చి "అబ్బ, ఎంత బాగుందో!" అంటారు, వీళ్ళు తలూపుతారు. ఆ హాల్లో ఒక గోడ, నేల నుంచి కప్పు దాకా, బోసిగా పడుంది. దాని నిండా మన జలపాతం బొమ్మ ఉండాలని మా పెద్ద మేడం అనుకుంటోంది. ఎవరెవరి నమూనాలో తెప్పించింది. నేనూరుకుంటానా? "మా మావయ్య ఉన్నాడు. ఫొటో స్టూడియోలో మనుషుల వెనక కట్టే తెరల మీద బొమ్మలు వేస్తాడు. ఆయన జలపాతం ముందు నిలబడితే మొహం తడుస్తుందేమో అనిపిస్తుంది" అని చెప్పేశా. ఆవిడ ఒప్పుకుంది. ఒకే ఒక్క షరతు: వచ్చి, చూసి, వెయ్యాలి.

వచ్చెయ్ మావయ్యా. వానలు ముదరకముందే రా. పైన నది ఏమీ ఎరగనట్టు వెడల్పుగా, మెల్లగా వస్తుంది. అంచు దగ్గర నల్లబండలు అడ్డుపడి మూడు పాయలవుతుంది. సగం దూరం దూకాక మూడూ కలిసిపోతాయి. కిందనుంచి లేచే తుంపర నా క్వార్టర్సు దాకా వచ్చి, ఆరేసిన బట్టల్ని మళ్ళీ తడిపి పోతుంది. రాసి చెప్పేది కాదు, నువ్వు చూడాలి.

నీ
కోడలు పిల్ల


స్టూడియో వెనక గది, రంగు డబ్బాల మధ్య
నీ ఉత్తరం అందిన రోజే

జలపాతం తాళాల అధికారి గారికి,

ఉత్తరం చదివి మీసం మెలేశాను. మీ అత్తయ్య చూసి "ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడొస్తాయి" అంది. అననీ. గోడ నాది. నేను ఒప్పుకున్నానని మీ మేడంకి చెప్పు. ఆ షరతు సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు.

చూసి వెయ్యాలా? నేనా? నలభై ఏళ్ళుగా ఈ స్టూడియోలో జలపాతం వేస్తున్నాను. రంగు వెలిసినప్పుడల్లా మళ్ళీ వేశాను. ఈ ఊళ్ళో పళ్ళు రాని పసివాళ్ళ దగ్గర్నుంచి పళ్ళూడిన పెద్దవాళ్ళ దాకా దాని ముందు నిలబడని మనిషి లేడు. ఏ ఇంటికెళ్ళినా గోడ మీద పటంలో వాళ్ళ నెత్తి వెనక నా నీళ్ళే పడుతుంటాయి. ఇల్లు మారితే పటం తీసుకుపోతారు, నా నీళ్ళు కూడా వెంట పోతాయి. నీ నది ఎవరింటికైనా వెళ్ళిందా?

మా గురువు కూడా ఏ జలపాతమూ చూళ్ళేదు. ఆయన వాళ్ళ గురువు తెర చూసి నేర్చుకున్నాడు, నేను ఆయన తెర చూసి నేర్చుకున్నాను. మా వాళ్ళలో కాళ్ళు తడుపుకున్నవాడు ఒక్కడూ లేడు. అయినా ఏం లోటొచ్చింది? మొహం తడుస్తుందేమో అని నువ్వే చెప్పావుగా మీ మేడంకి! ఇంక చూడ్డానికేముంది? నీళ్ళు పైనుంచి కిందికి పడతాయి. మీ దగ్గరేమైనా కింద నుంచి పైకి పోతాయా?

గోడ కొలతలు పంపు చాలు. ఇక్కడే గుడ్డ కుట్టించి, ఇక్కడే వేసి, చుట్ట చుట్టి లారీలో పంపిస్తా. మీ మేడం నోరెళ్ళబెట్టకపోతే అప్పుడడుగు.

ఆ తుంపరకి నీకు జలుబు చేస్తుందని మీ అత్తయ్య స్వెటర్ మొదలుపెట్టింది. ఎప్పటికవుతుందో మాత్రం అడక్కు.

మావయ్య


క్వార్టర్సు, కిటికీ పక్క
ఎండలు ముదిరాయి

మావయ్యా,

నీ కోతలు చదివి నవ్వలేక చచ్చాను. రెండోసారి చదివితే కోపం వచ్చింది.

మేడంకి చెప్పాను నువ్వేమన్నావో. "చూడకుండా వేస్తే అది ఏదో ఒక జలపాతం అవుతుంది. నాకు ఇది కావాలి. కిందికి దిగలేనివాళ్ళకి వేరే ఏదో చూపించి ఇదే అది అని చెప్పడం నా వల్ల కాదు" అంది. ఆవిడ మాట మారదు. నేను నీ గురించి అంత గొప్పగా చెప్పి వచ్చానా, ఇప్పుడు నా మాట కూడా మధ్యలో ఇరుక్కుంది. నా దగ్గర నీ పప్పులుడుకుతాయేమో గానీ ఆవిడ దగ్గర ఉడకవు.

ఇంకో సంగతి. చెప్పొద్దనుకున్నా, నీ పొగరు చూశాక ఆగలేకపోతున్నా. నీ తెర మీద జలపాతం నెత్తిన సూర్యుడుంటాడు, ఆ కిందే ఇంద్రధనుస్సు ఉంటుంది. చిన్నప్పట్నుంచీ అదే నిజమనుకున్నాను. ఇక్కడికొచ్చి చూస్తే అలా జరగదు. పొద్దున సూర్యుడు జలపాతం వెనక నుంచి వస్తాడు, అప్పుడు ఎంత వెతికినా ఇంద్రధనుస్సు కనపడదు. సాయంత్రం ఎండ మన వీపు మీద పడేటప్పుడు, ఎదురుగా తుంపరలో, కుడివైపు కింద ఒక ముక్క లేస్తుంది. రెండూ ఒకే వైపు ఎప్పుడూ ఉండవు మావయ్యా. మీ గురువు గారి గురువు దగ్గర్నుంచీ అందరూ తప్పే వేశారు. ఒక్క సాయంత్రం వచ్చి నిలబడు, నీకే తెలుస్తుంది.

బస్సు దిగిన చోటే ఎదురొస్తా. కొలతలు మాత్రం పంపను. వస్తే నువ్వే తీసుకో.

కోడలు పిల్ల


ఇంటి నుంచి, వంటింటి బల్ల మీద
తొలివాన ఇంకా పడలేదు

ఒసేయ్ పిల్లా,

మీ మావయ్య రాస్తాడని ఎదురు చూడకు. నేనే రాస్తున్నా.

ఏం రాశావే ఆ ఉత్తరంలో? చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మనిషికి మాట లేదు. అడిగితే "ఏం లేదు" అంటాడు. చొక్కా ఉతకబోతే దొరికింది, చదివాను. నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ నీ నోటికి అడ్డూ ఆపూ లేదు, అచ్చం మీ అమ్మే.

నీకు తెలియనిది ఒకటుంది. ఆయన చచ్చినా చెప్పడు. స్టూడియోలో తెర తీసేశారు. ఓనరు కంప్యూటర్ పెట్టాడు. ఆకుపచ్చ గుడ్డ ముందు మనిషిని నిలబెట్టి, వెనకాల ఏం కావాలంటే అది అతికించేస్తాడు. మంచు కొండ అడిగితే మంచు కొండ, సముద్రం అడిగితే సముద్రం. ఈయన తెర ఇప్పుడు మన వసారాలో చుట్టి పడుంది. అయినా రోజూ పొద్దున్నే చొక్కా వేసుకుని స్టూడియోకి పోతాడు, ఆ వెనక గదిలో కూర్చుని శుభ్రంగా ఉన్న బ్రష్షులు మళ్ళీ కడుగుతాడు. నీ గోడ సంగతి తెలిసిన రోజు ఎంత పొంగిపోయాడో నేను చూశాను. అది కాస్తా పోతే ఆ చేతికి ఇంక గోడ దొరకదు.

ఎందుకు రానంటున్నాడో కూడా నాకు తెలుసు. ఒకసారి నాతో అన్నాడు: "ఊరు ఊరంతా నా తెరకి వీపు పెట్టి కెమెరాని చూశారే గానీ, ఒక్కడు కూడా ఇటు తిరిగి చూళ్ళేదు" అని. తేరిపార చూసింది నువ్వొక్కదానివే. ఎవరికో ఫొటో తీస్తుంటే నేల మీద కూలబడి, నోరు తెరుచుకుని ఆ నీళ్ళకేసి చూసేదానివి. చూసిన ఆ ఒక్కర్తే ఇప్పుడు తప్పుందని రాసింది. అక్కడికొచ్చి, నీ పక్కన నిలబడి, బతుకంతా వేసింది తప్పేనని తెలిస్తే ఇంక తనకేం మిగులుతుందని ఆయన భయం. పైకి పొగరు, లోపల వణుకు.

నిన్న తెర విప్పి పెరట్లో దండెం మీద వేశాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి సూర్యుడి మీద తెల్ల రంగు కొట్టేశాడు.

ఏదో ఒకటి రాయి. బుజ్జగింపు మాత్రం వద్దు, ఇట్టే కనిపెట్టేస్తాడు.

అత్తయ్య


క్వార్టర్సు
వానలు మొదలయ్యాయి

మావయ్యా,

సూర్యుణ్ణి చెరిపేశావట. ఎవరు చెప్పారని అడక్కు.

నేను రాసింది నిజమే, వెనక్కి తీసుకోను. నువ్వు కూడా తీసుకోనివ్వవు. కానీ సగమే రాశాను. మిగతా సగం ఇప్పుడు విను.

ఈ ఉద్యోగానికి వచ్చినప్పుడు "ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?" అని మేడం అడిగింది. "మా మావయ్య తెర ముందు పెరిగాను. నిజమైనది ఎలా ఉంటుందో చూడాలని వచ్చాను" అన్నాను. ఆవిడ నవ్వి తీసేసుకుంది. మొదటి రోజు మెట్లు దిగి మలుపు తిరిగానా, ఎదురుగా జలపాతం. అప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? "అరె, ఇది మా మావయ్యది కదా!" అనిపించింది. ఒట్టు. అంచు దగ్గర నీళ్ళకి ఉండే ఆ ఆకుపచ్చ, బండ తగిలి విరిగేచోట ముద్దలు ముద్దలుగా ఆ తెలుపు, పడేకొద్దీ పలచబడే ఆ తీరు, అన్నీ నీ తెర మీద చూసినవే. ఒక్కసారి కూడా చూడకుండా అన్నీ సరిగ్గా వేసినవాడు ఒక్క సూర్యుడి దగ్గర పొరబడితే కొంప మునిగిందా? అసలు అది నీ తప్పా? ఫొటోలకొచ్చే జనానికి సూర్యుడూ కావాలి, ఇంద్రధనుస్సూ కావాలి. మీరందరూ కాదనలేక రెండూ పెట్టారు.

నిన్ను చూసి నేను జాలిపడ్డంలేదు. గర్వపడుతున్నా. ఇక్కడ గేటు దగ్గర, టీ కొట్లో, అందరికీ నీ గురించి చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

రమ్మని ఇంక బతిమాలను. ఒక్క విషయం చెప్పి ఊరుకుంటా. మేడం ఇంకొకరి నమూనా తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. "కొన్నాళ్ళు ఆగండి" అన్నాను. ఎన్నాళ్ళు ఆపగలనో నాకు తెలీదు. నది బురదతో ఎర్రబడింది. కొన్ని రోజులు గేటు మూసేస్తున్నాం.

కోడలు పిల్ల


స్టూడియో వెనక గది
వానలు జోరుగా ఉన్నాయి

విజిల్ అమ్మాయికి,

వచ్చాను. తిరిగొచ్చేశాను. అరవకు, చెప్పేది విను.

చెప్పాపెట్టకుండా వచ్చి, వెనక నుంచి నీ భుజం తట్టాలని నా ఎత్తు. రంగులు కొనుక్కురావాలని మీ అత్తయ్యకి చెప్పి పొద్దున్నే బస్సెక్కాను. దిగేసరికి కుండపోత. గేటు దగ్గర ఎటు చూసినా గొడుగులే. గేటుకి తాళం. దాని ముందు పసుపు రెయిన్‌కోటు వేసుకుని ఎవరో నిలబడి ఉన్నారు. ఎవరో అనుకున్నా, నువ్వే!

"నీళ్ళు ఎర్ర గీత దాటాయండీ. ఇవాళ మెట్లు తెరవం" అని చెప్పిందే చెప్తున్నావు. ఒకళ్ళు బతిమాలుతున్నారు, ఒకళ్ళు దెబ్బలాడుతున్నారు. అందరికీ అదే గొంతుతో అదే మాట. ఇంతలో ఒక పెద్దమనిషి పేద్ద కారు దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, "నేనెవరో తెలుసా నీకు?" అని కేకలేశాడు.

"తెలీదండీ. నీళ్ళకి కూడా తెలీదు" అన్నావు.

ఎంత నెమ్మదిగా అన్నావే! ఆ మనిషి మొహం చూసి జనం గొల్లుమన్నారు. గొడుగు కింద నేను గంతెయ్యడం ఒక్కటే తక్కువ. చివరికి అతనూ కారెక్కి వెళ్ళిపోయాడు.

పిలవచ్చు. "అమ్మాయ్, నేనే" అంటే వినపడేంత దగ్గర్లోనే ఉన్నాను. పిలిస్తే ఏం చేస్తావు? తెరవవు, నాకు తెలుసు. కానీ అంతమంది ముందు నీ నోటితో నాకు కాదని చెప్పించడం నాకిష్టం లేకపోయింది. గొడుగు ఇంకాస్త దించుకున్నా.

టీ కొట్లో కూర్చుంటే పక్కనున్న ఒకాయన "ఆ పిల్లకి ఎంత పొగరండీ" అన్నాడు. "అది వాళ్ళ మావయ్య పొగరండీ" అన్నాను. "మీకెలా తెలుసు?" అన్నాడు. "ఆ మావయ్యని నేనే" అన్నాను. టీ కొట్టు ఆయన లేచి నాకు పొడి కుర్చీ వేశాడు. నీ గురించి చెప్పమని అడిగాడు. అడిగి తప్పు చేశాడు, బస్సొచ్చేదాకా వదల్లేదు నేను.

నీ జలపాతం చూళ్ళేదు. హోరు మాత్రం విన్నాను, ఈ మొండి చెవిలో కూడా. బస్సులో దారి పొడుగునా ఛాతీ ఉబ్బిపోయి చొక్కా గుండీలు పట్టలేదు. దేన్నో చూద్దామని వచ్చి నిన్ను చూసి వెళ్ళాను. నష్టమేం లేదు.

మళ్ళీ వస్తాను. నువ్వు గేటు తెరిచిన రోజు, టికెట్ కొనుక్కుని, లైన్లో నిలబడి వస్తాను. నీలాంటిది వానలో తడుస్తూ కాపలా కాసేది దేన్నో చూసి తీరాలి. భయపడ్డానని మీ అత్తయ్య రాసుంటుంది. పడ్డాను. ఇప్పుడు లేదు.

మావయ్య


క్వార్టర్సు
వాన తెరిపిచ్చిన రోజు

మావయ్యా!

నీకు బుద్ధుందా అసలు?

ఎంత మందిలోనైనా ఎవరు జారేలా ఉన్నారో, ఎవరు కటకటాలెక్కేలా ఉన్నారో ఇట్టే పసిగడతానని గొప్పలు పోతానే, సొంత మావయ్య గొడుగు కింద నిలబడితే కనిపెట్టలేకపోయానే! నీ ఉత్తరం చదివి తిండి సహించలేదు. టీ కొట్టాయన్ని వెళ్ళి అడిగితే "అయ్యో, మీ మావయ్య చెప్పొద్దన్నారు కదమ్మా" అంటాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప.

పిలిస్తే తెరిచేదాన్ని కాదు. నువ్వు రాసింది నిజం. తెరవకుండా, ఆ తర్వాత క్వార్టర్సుకొచ్చి ఏడ్చేదాన్ని. అది నాకు తప్పించడానికి అంత దూరం వచ్చి వానలో వెనక్కెళ్ళావు. ఏమనాలో తెలీడంలేదు. అందుకే తిడుతున్నా.

మేడంకి మొత్తం చెప్పాను. విని, బల్ల మీదున్న ఆ నమూనా తీసి సొరుగులో పెట్టేసింది. "ఆయన కోసం ఆగుతాను" అంది.

నీళ్ళు దిగాయి. ఎండ కాస్తున్న రోజు చూసి, మధ్యాహ్నానికి చేరేలా రా. ఈసారి అబద్ధం చెప్పి రావద్దు, అత్తయ్యని వెంట తీసుకురా.

కోడలు పిల్ల


ఇంటి నుంచి
వానలు వెనకబట్టాక

అమ్మాయ్,

మేమొచ్చిన రోజు నేను నీతో నోరు విప్పలేదని అలిగావట. "పిల్ల అంత ఆశగా మీ మొహంలోకి చూస్తుంటే ఒక్క మాట అనలేకపోయారా" అని మీ అత్తయ్య బస్సు దిగేదాకా చెవిలో జోరీగలా పోరింది. మాట రాలేదే. ఇప్పుడొస్తోంది, రాస్తున్నా.

మెట్లు దిగుతుంటే ముందు హోరు పెరిగింది, తర్వాత చల్లగాలి తగిలింది, ఆ తర్వాత మొహం మీద తడి. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఉంది. నా తెర మీద నీళ్ళు కదలకుండా ఉంటాయి. ఇక్కడ ఒక్క చుక్క నిలబడదు, జలపాతం మాత్రం నిలబడే ఉంటుంది. దీన్ని ఎలా వెయ్యడం? నువ్వు చూడకుండా చేతులు జేబుల్లో దాచుకున్నాను.

ఏడుపొస్తుందనుకున్నా. నవ్వొచ్చింది. అంత నది, అంత ఎత్తు నుంచి ఒళ్ళు విరుచుకుని దూకుతుంటే, జనం ఏం చేస్తున్నారు? గబగబా దిగుతున్నారు. దానికి వీపు తిప్పుతున్నారు. ఫోన్ ఎత్తి పట్టుకుని పళ్ళికిలిస్తున్నారు. అయిపోగానే మెట్లెక్కేస్తున్నారు! మీ అత్తయ్యని గిల్లి "చూశావా, అంత పెద్దదానికీ నా గతే!" అన్నాను. నేను నవ్వుతుంటే నీకు అర్థం కాలేదు కదూ, అదీ సంగతి. ఇన్నేళ్ళూ లోకం నా ఒక్కడికే అన్యాయం చేసిందనుకున్నా. నదికే లేని మర్యాద నాకెక్కడిది? అదేమైనా అలిగి దూకడం మానేసిందా? దాని పొగరు ముందు నా పొగరెంత! నా జన్మలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

సాయంత్రం వీపు మీద ఎండ పడింది. ఎదురుగా, కుడివైపు కింద, నువ్వన్న ముక్క లేచింది. సరే, నువ్వే గెలిచావు. ఈ వాక్యం మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు.

పొద్దుపోయేదాకా ఇంకొకటి కూడా చూశాను. అది ఇప్పుడు చెప్పను. తెర మీద చూసుకో.

గుడ్డ కుట్టడం అయింది. వసారా సరిపోకపోతే స్టూడియో ఓనరే వెనక షెడ్డు ఇచ్చాడు. రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసిపోతున్నాడు, నోరు మాత్రం విప్పడు. నేనూ విప్పను. ఇప్పుడు నాకు తీరిక లేదు.

మావయ్య


క్వార్టర్సు
చలి మొదలైంది

మావయ్యా,

తెర వచ్చింది.

లారీలోంచి దింపడానికి మా గేటు వాళ్ళందరూ కావలసి వచ్చారు. హాలు కప్పుకి కట్టి తాళ్ళు వదులు చేస్తుంటే, చుట్ట మెల్లగా విప్పుకుంటూ దిగింది. మేడం, హాలు ఊడ్చే ఆవిడ, నేను కింద నిలబడి చూస్తున్నాం.

ముందు ఆకాశం దిగింది. అందులో సూర్యుడు లేడు. కానీ బండల మీద సాయంత్రం ఎండ పడుతోంది, అంటే మన వెనకున్నాడు. తర్వాత అంచు, మూడు పాయలు. మూడూ కలిసేచోట నువ్వేం చేశావో నాకు అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి చూస్తే అక్కడేమీ లేదు, ఉత్త గుడ్డ మీద పలచటి బూడిద రంగు. నాలుగడుగులు వెనక్కొస్తే నీళ్ళు పడుతున్నాయి. కదులుతున్నాయి మావయ్యా! ఇంద్రధనుస్సు ముక్క దాని చోట అది ఉంది. మేడం కూడా నాలాగే దగ్గరికెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ దగ్గరికెళ్ళింది.

చివరికి అడుగు భాగం దిగింది. మనుషులు! మనంత మనుషులు. వరసగా, వెనక నుంచి, అందరూ నీళ్ళకేసి తిరిగి. నాన్న భుజాల మీదెక్కిన పాప, కర్ర పట్టుకున్న ముసలాయన, సగం అల్లిన స్వెటర్ చంకలో పెట్టుకున్న ఒకావిడ. ఆవిడెవరో అత్తయ్యకి చెప్పావా, లేదా? వాళ్ళ మధ్యలో, కటకటాలకి వీపు ఆనించి, ఒక్కతే ఇటు తిరిగి నిలబడి ఉంది. పసుపు రెయిన్‌కోటు. మెళ్ళో విజిల్.

"అమ్మాయ్, ఇది నువ్వే!" అంది ఊడ్చే ఆవిడ.

ఫొటోల కోసం జలపాతానికి వీపు తిప్పేవాళ్ళని రోజూ చూసి విసుక్కుంటాను. నేను కూడా రోజంతా దానికి వీపు పెట్టే నిలబడతానని ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. వాళ్ళు పెట్టింది ఫొటో కోసం, నేను పెట్టింది వాళ్ళ కోసం అని నువ్వు ఒక్క సాయంత్రంలో చూసేశావు. నన్నెవరూ అలా చూళ్ళేదు మావయ్యా.

మర్నాడు హాలు తెరిచాం. ఆ పూట కింద కాపలాకి ఇంకొకర్ని పెట్టి మేడం నన్ను హాల్లోనే ఉంచింది. జనం ఫొటోలు తీసుకోలేదని అబద్ధం చెప్పను. తీసుకున్నారు. కానీ ముందు చూశారు. ఆ వరసలో తామూ ఒకరైనట్టు వచ్చి, ఆ మనుషుల పక్కన నిలబడి, నీళ్ళకేసి చూశారు. కిందికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి "అబ్బ, ఎంత బాగుందో!" అంటే, ఒకాయన కుర్చీలోంచే "మేమూ చూశాం లేవోయ్" అన్నాడు.

చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు కుర్చీని వెనక్కి తిప్పబోతే ఉండమంది. చాలాసేపు చూసి, "అందరూ నీళ్ళు చూస్తుంటే, ఆ పిల్ల ఒక్కర్తే ఇటు చూస్తోందేం?" అని అడిగింది.

మేడం పక్కనే ఉంది. "వాళ్ళందరూ నిశ్చింతగా చూడాలంటే వాళ్ళని చూసేవాళ్ళు ఒకరుండాలి కదండీ. ఆ అమ్మాయి మా అమ్మాయే. ఇదిగో" అని నా భుజం మీద చెయ్యి వేసింది.

పెద్దావిడ నన్నూ చూసింది, తెరనీ చూసింది. "అయితే తల్లీ, నువ్వెప్పుడు చూస్తావు?" అంది.

రోజూ చూస్తానని చెప్పబోయాను. నిజానికి పొద్దున్నే దిగి నేను చూసేది గీతల్ని, కటకటాలని. నవ్వి, ఆవిడ కుర్చీని తెరకి ఇంకాస్త దగ్గరగా జరిపాను.

ఆ సాయంత్రం చివరి మనిషిని మెట్లెక్కించి పైన గేటు మూయించాను. కింద ఎవరూ లేరు. విజిల్ తీసి జేబులో వేసుకుని, కటకటాలు పట్టుకుని, నీళ్ళకేసి తిరిగి నిలబడ్డాను. ఎంత బాగుంది మావయ్యా! నువ్వు వేసినట్టే ఉంది. మొహమంతా తడిసిపోయింది, అందులో తుంపరెంతో కన్నీళ్ళెంతో నాకు తెలీదు. గుండె నిండా గాలి పీల్చుకుని "దీన్ని మా మావయ్య వేశాడు!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆ హోరులో నాకే వినపడలేదు. మళ్ళీ అరిచాను.

నీ
కోడలు పిల్ల